అలిగిన పెట్టె

రేవు కొట్టుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు జరిగింది ఇది. మా ఊళ్ళో ఏ సంగతైనా ఆ వరదకి ముందా, తర్వాతా అనే చెప్పుకుంటారు. పిల్లల వయసులు కూడా అలాగే లెక్కేస్తారు. నాకూ అదే అలవాటు.

అప్పటికి నేను లాంచీ నడిపే సరంగుని. ఏరు సముద్రంలో కలిసే చోట ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించే లాంచీ. పొద్దున మిల్లు పనివాళ్ళతో మొదలుపెట్టి, దీపాలు పెట్టే వేళకి ఆపేవాళ్ళం. అటూ ఇటూ, అటూ ఇటూ, మగ్గంలో నాడె తిరిగినట్టు.

వరదకి మా ఇంట్లో నడుం లోతు నీళ్ళు నిలిచాయి. తగ్గాక చూస్తే గోడకి చెయ్యి ఆనిస్తే తడి అంటుకునేది. మా ఆవిడకి ఉబ్బసం. ఆ చెమ్మలో ఉంటే ఊపిరాడదని వాళ్ళక్క వచ్చి అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళింది. "గోడలు ఆరేదాకానే" అంది మా వదిన. నేను సరే అన్నాను. మా ఆవిడా సరే అంది. నేనే లాంచీలో దాటించాను, రెండు సంచులూ ఒక దుప్పటి మూటా.

గోడలు ఆరడానికి ఎండాకాలం అంతా పట్టింది. తలుపులు ఉబ్బిపోతే చిత్రిక పట్టించాను. సున్నం వేయించాను. ఇల్లు తయారైంది. తయారైందని ఊరందరికీ తెలుసు, ఆవిడకి మాత్రం తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. వస్తుందిలే అనుకున్నాను.

రాలేదు.

కబురు పెట్టొచ్చుగా అని మీరంటారు. పెట్టొచ్చు. మా తోడల్లుడు కోళ్ళ దాణా కోసం వారం వారం మా ఒడ్డుకి వచ్చేవాడు. తిరిగి వెళ్ళేటప్పుడు లాంచీ దిగుతూ అడిగేవాడు.

"ఏమన్నా చెప్పమంటావా తమ్ముడూ?"

"ఏముంది చెప్పడానికి."

"సరే, అదే చెప్తాను. ఏమీ లేదట అని."

ఆయన హాస్యానికే అనేవాడు. నేను తాడు విప్పుకునేవాణ్ణి.

అవతలి రేవుకి లాంచీ ఆనించే ముందు ఒక మలుపు తిప్పాలి. ఆ మలుపులో సరంగు గదిలోంచి చూస్తే గట్టు మీద ఇళ్ళ వరస కనపడుతుంది. అందులో మా తోడల్లుడి డాబా ఒకటి. దాని మీద బట్టలు ఆరేసి ఉండేవి. మా వదిన చొక్కాని భుజాలు పట్టి ఆరేస్తుంది. మా ఆవిడ తలకిందులుగా ఆరేస్తుంది, చేతులు కిందకి వేలాడేలా. చొక్కాలు తలకిందులుగా ఉన్నాయంటే ఆ వేళ ఆవిడకి ఆయాసం లేదు, మెట్లెక్కి డాబా మీదకి వచ్చిందన్నమాట. తోడల్లుడి చొక్కాలు చూసుకుని నేను సంతోషపడటమేంటో. రోజుకి నాకు దొరికేది మాత్రం అంతే. ఒక్కోసారి వాన పట్టి బట్టలే ఉండేవి కాదు. ఆ రోజులు గడిచేవి కావు.

ఊళ్ళో మాత్రం ఒకటే మాట. "అలిగింది." నూతి దగ్గరా అదే, చావిట్లోనూ అదే. అలిగిన మనిషి అలక తీరితే వస్తుంది, తొందరపెడితే ఇంకా బిగుసుకుంటుంది, అని నాకు అందరూ ఊరికే సలహా ఇచ్చేవాళ్ళు. నేనూ అలాగే అనుకుంటూ కూర్చున్నాను. అలిగినవాళ్ళని కదిపితే ఏమవుతుందో అని భయం.

అప్పట్లో ఏటి మీద కొత్త వంతెన కడుతున్నారు. ఇనుప స్తంభాలు లేచాయి, పెద్ద పెద్ద క్రేన్లు వచ్చాయి. వరదకి ఇసుక మేటలు కూడా జరిగిపోయాయి. లాంచీలు నడిచే పాయ ఇప్పుడు సరిగ్గా ఆ స్తంభాల పక్క నించే. ఒక మంచు పొద్దున ఇసుక పడవ ఒకటి పోయి స్తంభానికి గుద్దుకుంది. మనుషులకేం కాలేదు, పడవ ముక్కు పచ్చడైంది. ఆ పడవలో దారి చూపించే జీపీఎస్ పెట్టె ఉంది. గుద్దుకునే దాకా అది "నడిపాయలో ఉన్నావు" అనే చూపించిందట. గుద్దుకున్నాక కూడా అలాగే చూపించిందట.

దాంతో రేవు ఆఫీసు వాళ్ళు మా లాంచీలో కొత్తరకం పెట్టె బిగించమని ఒకమ్మాయిని పంపించారు. టెక్నీషియను. భుజాన సంచీ, తలకి గుడ్డ, ఒక్క నిమిషం నిలవని చేతులు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలని మాకు అర్థమవ్వాలని చుక్కలు అనేది. అందుకని మా కళాసీ ఆమెకి చుక్కలమ్మ అని పేరు పెట్టాడు.

కళాసీ పేరేమో పీత. లాంచీ అంచు మీద పక్కపక్కకి నడుస్తూ తాళ్ళు వేస్తాడని. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పగలంతా నోటికి మూత పడదు. నా వాటా మాటలు కూడా వాడే మాట్లాడేసేవాడు. నాకూ అది హాయిగానే ఉండేది.

చుక్కలమ్మ పెట్టె బిగించి, తెర వెలిగించి, నన్ను పక్కన నిలబెట్టుకుంది.

"నాలుగు చుక్కల మాట వినపడితే పెట్టె మన చోటు చెప్పేస్తుంది బాబాయ్. అయితే వాటిలో ఒకటి తప్పు చెప్తే కనిపెట్టలేదు. ఐదోది కూడా ఉంటే, ఎవరో తప్పు చెప్తున్నారని తెలుస్తుంది. ఆరోది ఉంటే ఆ తప్పు చెప్పేదెవరో పట్టుకుని బయటికి నెట్టేస్తుంది."

"పంచాయితీ అన్నమాట," అన్నాడు పీత.

"అలాగే అనుకో. ఇసుక పడవలో పాత పెట్టెకి పంచాయితీ లేదు. ఎవరేం చెప్తే అది నమ్మేది."

"మా బావలాగ," అన్నాడు పీత.

తెర మీద లాంచీ బొమ్మ, దాని చుట్టూ పచ్చటి గుండ్రం. ఆ గుండ్రం ఏంటని నేను వేలు పెట్టి చూపించాను.

"అది పూచీ బాబాయ్. లాంచీ ఈ గుండ్రంలో ఎక్కడో ఉంది, బయట మాత్రం లేదు, నాదీ పూచీ, అంటోంది. గుండ్రం ఎంత చిన్నదైతే అంత మంచిది. పాయ వెడల్పుని మించి పెరిగిపోయిందనుకో, ఇక పూచీ పడలేను అని ఎర్రబడుతుంది. కూత కూడా పెడుతుంది."

అంతా విని నేను తల ఊపాను. నా తల ఊపు చూసి అర్థమైందనుకుంది. వెళ్ళిపోయింది.

పెట్టె రెండు రోజులు బుద్ధిగా ఉంది. మూడో రోజు, కొత్త ఇనుప దూలాలు ఎక్కించిన వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎర్రబడి కూత మొదలుపెట్టింది. ఎండ పెళ్ళున కాస్తోంది, రెండొడ్లూ కనపడుతున్నాయి, పాయ మధ్యలోనే ఉన్నాం. అయినా కూతే. వంతెన దాటాక దానంతటదే పచ్చబడింది. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అదే వరస.

"అలిగింది," అన్నాడు పీత.

బెంచీల మీదవాళ్ళు నవ్వారు.

"ఇంట్లో ఒకరూ, లాంచీలో ఒకరూనా. నీకెక్కడ దొరుకుతారు మామా అందరూ అలిగేవాళ్ళే?"

వాడి మాటకి జనం ఇంకా నవ్వారు. నేను చక్రం తిప్పుకుంటున్నాను. నవ్వు నాకూ వచ్చింది గానీ, సగంలో ఎక్కడో ఆగిపోయింది.

ఆ తర్వాత నించి రోజూ అదే తంతు. వంతెన రాగానే, "అదిగో, మూతి ముడిచింది" అనేవాళ్ళు. పీత దాన్ని బతిమాలేవాడు. బుజ్జగించేవాడు. ఆపి మళ్ళీ వెలిగించేవాడు. ఒకసారి దాని మీద గోనెసంచి కప్పాడు. చివరికి ఒక రోజు అవీ ఇవీ నొక్కుతూ నొక్కుతూ ఏదో చేశాడు. ఆ మర్నాటి నించీ వంతెన దగ్గర కూడా పచ్చగానే ఉంది.

"ఏం చేశావురా?"

"పెద్దమనసు చేయించాను మామా. గుండ్రం ఎంత పెరిగితే ఎర్రబడాలో లోపల ఒక అంకె ఉంది. దాన్ని పెంచేశాను. ఇక ఎంత పెరిగినా సర్దుకుపోతుంది."

బాగుందనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త అసూయ కూడా వేసింది. ఒకరి అలక ఇంత సుళువుగా తీరిపోయింది.

కొన్నాళ్ళకి చుక్కలమ్మ పెట్టెని చూసి పోదామని వచ్చింది. అందులో ఏదో వెనక్కి తిప్పి చూసుకుంది. మొహంలో నవ్వు పోయింది.

"ఈ మధ్య ఒక్కసారి కూడా ఎర్రబడలేదేంటి? రోజూ ఆ ఇనుము పక్కనే తిరుగుతూ?"

పీత సంబరంగా చెప్పాడు. అలిగిందనీ, తను అలక తీర్చాననీ. ఆ అమ్మాయి విని వాణ్ణి ఏమీ అనలేదు. ముందు అంకె మళ్ళీ యథాప్రకారం పెట్టింది. తర్వాత బెంచీ మీద కూర్చుని నా వైపు తిరిగింది.

"అది అలగలేదు బాబాయ్. ఎవరి మీదా కోపం లేదు దానికి. వంతెన ఇనుముకి తగిలి చుక్కల మాట అటూ ఇటూ తుళ్ళి వస్తోంది. ఏది అసలు మాటో ఏది ప్రతిధ్వనో దానికి తెలియట్లేదు. 'నేను ఎక్కడున్నానో నాకే తెలియట్లేదు, నా మాట నమ్మి వెళ్ళకండి' అని చెప్తోంది. చోటు చెప్పే పెట్టెలు చాలా ఉన్నాయి. తెలియనప్పుడు తెలియదని చెప్పడం కోసమే దీన్ని చేశారు. మీరేమో ఆ నోరే నొక్కేశారు."

"మాకేం తెలుసమ్మా," అన్నాడు పీత. "మొహం ఎర్రగా పెట్టుకుంటే కోపమనే అనుకుంటాం."

"ఇంకోటి. తెలియదన్న మాట వెంటనే చెప్పాలి. తేడా వచ్చిందంటే పది లెక్కపెట్టేలోగా దీనికి కూత పెట్టెయ్యాలని రూలు. స్తంభానికి గుద్దుకున్నాక చెప్తే ఎవరికి కావాలి?"

ఆమె సంచీ సర్దుకుంటోంది. నాకొకటి అడగాలనిపించింది. నేను ఎవరినీ ఏదీ అడగను. అడిగాను.

"అది అలా అన్నప్పుడు పక్కనున్నవాళ్ళు ఏం చెయ్యాలి?"

"ఆగాలి బాబాయ్. బతిమాలకూడదు, కసురుకోకూడదు. ఆగి, ఇంకో దారిలో తెలుసుకోవాలి. గడ వేసి లోతు చూసుకోండి. కళ్ళతో చూసుకోండి. ఎవరన్నా కనపడితే కేకేసి అడగండి. అంతేగానీ తెలిసినట్టు ముందుకి పోకూడదు."

ఆ మాటలు నాలో ఉండిపోయాయి. లాంచీ నడుపుతూ ఉన్నా, ఇంట్లో ఒక్కణ్ణే అన్నం తింటున్నా, అవే. మూతి ముడిచిందని మేం నవ్వుకున్నన్ని రోజులూ అది చెప్తున్నది వేరే. మేం వినలేదు, అంతే.

అలా ఉండగా ఒక వారం మా తోడల్లుడు దాణా బస్తా బెంచీ కిందకి తోసి, సరంగు గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఎప్పటిలా ఏమన్నా చెప్పమంటావా అని అడగలేదు.

"ఎల్లుండి మీ ఆవిడా నేనూ వస్తాం తమ్ముడూ. తన కుట్టు మిషను తెచ్చుకుంటుందట. ఇంట్లోనే ఉందిగా?"

"ఉంది."

"పనిచేస్తుందా?"

"నూనె వేస్తూనే ఉన్నాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఏటి వైపు చూశాను. ఆ మిషను ఆవిడ పెళ్ళికి ముందే నేర్చుకుని, తన కష్టంతో కొనుక్కున్నది. వరదప్పుడు బల్ల మీద బల్ల వేసి నీళ్ళకి అందకుండా నిలబెట్టాను. దాన్ని కూడా పట్టుకెళ్ళిపోతే ఆ ఇంట్లో ఆవిడది ఇంక ఏమీ మిగలదు. గోడలు ఆరేదాకా అన్న మాటకి అక్కడితో సరి. ఇక రాదన్నమాట.

చెప్పిన రోజుకే వచ్చింది ఆవిడ. పొద్దుటి మంచు విడి ఎండ కాస్త కాసింది. అవతలి రేవులో జనంతో పాటు ఎక్కింది. అన్నాళ్ళలో దూరం నించి ఆరేసిన బట్టలు చూడటమే గానీ మనిషిని చూడలేదు. జుట్టు బాగా నెరిసింది. మనిషి మాత్రం తేరుకుంది. నన్ను చూసింది. నేనూ చూశాను. వెళ్ళి కిటికీ పక్క బెంచీలో కూర్చుంది. తోడల్లుడు పక్కన కూర్చుని ఒకటే కబుర్లు.

లాంచీ సగం ఏరు దాటిందో లేదో, సముద్రం వైపు నించి మళ్ళీ మంచు వచ్చింది. అక్కడ అలాగే వస్తుంది, చెప్పాపెట్టకుండా. మొదట ఒడ్డు పోయింది. తర్వాత క్రేన్లు పోయాయి. తర్వాత లాంచీ ముక్కు మీద నిలబడ్డ పీత కూడా పోయాడు, వాడి గొంతు మాత్రం మిగిలింది. నేను వేగం తగ్గించాను. తెర చూసుకుంటూ నడుపుతున్నాను. మంచుకి చుక్కల మాట ఆగదని చుక్కలమ్మ చెప్పింది. గుండ్రం పచ్చగానే ఉంది.

వంతెన దగ్గర పడుతోందనగా గుండ్రం పెరిగింది. పెరిగి పెరిగి ఎర్రబడింది. కూత.

ఇంజను ఆపి లంగరు వెయ్యమన్నాను.

వెనక గొడవ మొదలైంది. మిల్లులో రెండో డ్యూటీకి వెళ్ళేవాళ్ళున్నారు. ఆలస్యమైతే గేటు వేసేస్తారు. "ముప్ఫై ఏళ్ళుగా నడిపే సరంగుకి దారి తెలీదా" అని ఒకడు. "ఆ పెట్టె ఎప్పుడూ అలగడమేగా, పోనియ్యవయ్యా" అని ఇంకొకడు. పీత అంచు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఒక్కసారికి పెద్దమనసు చేయించనా మామా? దాటాక మళ్ళీ మార్చేస్తాను. ఎవరికి తెలుస్తుంది."

"వద్దు."

"మరి జనానికి ఏం చెప్పమంటావు?"

మైకు ఎప్పుడూ వాడిదే. రేవు వస్తోందనీ, పిల్లల్ని పట్టుకోండనీ వాడే చెప్పేవాడు. ఆ వేళ నేను చెయ్యి చాపాను. వాడు ఇవ్వడానికి ఒక్క క్షణం తటపటాయించాడు, నేనేదో తాగి ఉన్నానేమో అన్నట్టు చూశాడు. ఇచ్చాడు.

"మనం ఎక్కడున్నామో నాకు తెలీదు," అన్నాను అందులో. నా గొంతు నాకే వేరేవాడిదిలా వినపడింది. "తెలిసేదాకా ఇక్కడే ఆగుతాం. గంట కొడుతూ ఉంటాం. ఎవరూ లేవకండి."

గొడవ ఆగిపోయింది. తిట్టుకుంటారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఎక్కడో ఒక చంటిది ఏడుస్తోంది, వాళ్ళమ్మ ఊరుకోబెడుతోంది. పీత ముందుకెళ్ళి గడ వేసి లోతు చూస్తూ, మధ్యమధ్య గంట కొడుతున్నాడు. అంత మంచులో, తెలియదని చెప్పేశాక, భుజాల మీద నించి ఏదో దించినట్టనిపించింది. ఇంకోటి కూడా చెప్తాను. ఆ ఎరుపు నాకేమంత చేదనిపించలేదు. మా ఒడ్డు చేరితే ఆవిడ మిషను తీసుకుంటుంది. చేరనంతసేపూ ఆవిడ నా లాంచీలోనే ఉంటుంది.

గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయింది. ఆవిడే.

"ఏమయ్యా."

"ఊ."

"నిజంగానే తెలీదా?"

"తెలీదు."

"ఈ ఏట్లోనే ముసలాడివైపోయావు."

"ఆ ఏరు వేరు. వరదకి మేటలు మారాయి. ఈ ఇనుమొకటి వచ్చింది."

లోపలికి వచ్చింది. రెండో స్టూలు మీద పీత తువ్వాలుంటే తీసి పక్కన పెట్టి కూర్చుంది. తెర వంక చూసింది.

"ఏంటది, అంత ఎర్రగా?"

"పీత అలిగిందంటాడు."

"నువ్వేమంటావు?"

"తన మాట నమ్మొద్దని చెప్తోంది. ఇప్పటికి."

"అలా కూడా చెప్తుందా?"

"పది లెక్కపెట్టేలోగా చెప్తుంది."

"నయమే," అంది.

గంట మోగింది. ఆవిడ ఊపిరి వింటున్నాను. పిల్లికూతలు లేవు. మామూలుగా ఉంది.

"ఇల్లు ఆరిందా?" అంది.

"ఆరింది."

"ఎప్పుడు?"

"వరద తర్వాత వచ్చిన ఎండాకాలానికే."

"నాకెవరూ చెప్పలేదు."

"అందరికీ తెలుసు."

"అయితే అందర్నీ రమ్మను, వచ్చి ఉంటారు అందులో."

నోట్లో ఉన్నది ఒక్కటే. అదే అన్నాను.

"నువ్వు అలిగావన్నారు."

"ఎవరు?"

"ఊళ్ళో."

"అలగాలంటే ముందు ఎవరో ఒకరు ఏదో ఒక మాట అనాలి కదయ్యా. నువ్వేం అన్నావు గనక నేను అలగడానికి?" కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగింది. "వారం వారం మా బావ వచ్చి ఏమీ లేదట అనేవాడు. ఏమీ లేనిచోటికి ఏ మొహం పెట్టుకుని రాను? రమ్మంటావో, హాయిగా ఉన్నావో, నాకేం తెలుసు."

నేను చెప్పబోయాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ నాకు తెలుసు. అంతలో పీత కేకేశాడు. మంచు విడుతోంది. ముందర, రెండు లాంచీల పొడవు దూరంలో, ఇనుప దూలాలు వేసుకున్న క్రేను పడవ పాయకి అడ్డంగా లంగరేసి ఉంది. పొద్దున లేదది. దాని మీద పనివాళ్ళు కాళ్ళు వేలాడేసి కూర్చుని మా గంట వింటున్నారు. జనమంతా లేచి ఆ వైపు చూశారు. మిల్లు గేటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పెట్టె ఇంకా ఎర్రగానే ఉంది. నేను కళ్ళతో చూసుకుంటూ, క్రేను పడవని చుట్టి, మెల్లగా నడిపాను. చక్రం మీద నించి చెయ్యి తీసే వీలు లేదు. వెనక్కి తిరిగేసరికి స్టూలు ఖాళీగా ఉంది.

మధ్యాన్నం ట్రిప్పుకి మా ఇంటి నించి మిషనుతో వచ్చారు. తోడల్లుడు ఒకవైపు, పీత ఒకవైపు పట్టి ఎక్కించారు. ఆవిడ సరంగు గది ముందు నించి పోతూ ఆగింది.

"పొయ్యిగట్టు కిందకి కట్టించావు."

"ఊ."

"ఎందుకు?"

"పాతది నీకు ఎత్తయ్యేది. మునికాళ్ళ మీద నిలబడేదానివి."

ఆవిడ మిషను వైపు చూపించి, "బడిపిల్లల బట్టలు ఒప్పుకున్నాను అక్కడ. మా అక్క మిషను చెడింది," అంది.

"మళ్ళీ దాన్ని ఈ ఒడ్డుకి తెస్తావా?"

అడిగేశాను. ఆ ఒక్కటీ అడగడానికి నాకు రెండేళ్ళు పైన పట్టింది.

"తెలీదు," అంది.

ముందు రోజుల్లో అయితే ఆ మాట విని, అలిగింది, అనుకుని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడలా అనుకోలేదు. తెలియదంటే తెలియదనే. ఉన్నదున్నట్టు చెప్పింది. మిషను బరువుకి లాంచీ కాస్త పక్కకి ఒరిగితే సరిచేసుకుంటూ దాటించాను. అవతల దిగేటప్పుడు తోడల్లుడు అడిగాడు, ఎప్పటిలాగే.

"ఏమన్నా చెప్పమంటావా తమ్ముడూ?"

"వద్దన్నా. నేనే చెప్పుకుంటాను."

ఆయన తెల్లబోయి నా వైపు చూశాడు. ఆవిడ అప్పటికే గట్టెక్కుతోంది. విందో లేదో.

సాయంత్రం రేవు ఆఫీసులో గుమాస్తాని ఒకరోజు సెలవడిగాను. ఒంట్లో బాగాలేదా అన్నాడు. బాగానే ఉందన్నాను. మరెందుకు అన్నాడు. మాట్లాడాలి అన్నాను. అతను కలం కింద పెట్టి, "నువ్వా?" అన్నాడు. బదులు సరంగుని వేస్తానన్నాడు.

మర్నాడు పొద్దున మొదటి లాంచీకి గడ్డం గీసుకుని వెళ్ళి, జనంతో పాటు వరసలో నిలబడి ఎక్కాను. బెంచీ మీద, రాత్రి డ్యూటీ దిగి ఇళ్ళకి వెళ్ళే మిల్లువాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. పీత వచ్చి నా ముందు నిలబడి టిక్కెట్ల కట్ట ఊపాడు.

"సరంగుకి కూడా టిక్కెట్టు కొట్టమంటావా మామా?"

"ఈ వేళ సరంగుని కాదు. కొట్టు."

వాడు ఏదో జోకు వెయ్యబోయి నా మొహం చూసి కొట్టి ఇచ్చాడు. వెనక నించి లాంచీ ఎంత ఊగుతుందో నాకు ఆ రోజే తెలిసింది.

గట్టెక్కి, ఇళ్ళ వరసలో నడిచి, తలుపు తట్టాను. మా వదిన తీసింది. నన్ను చూసి పక్కకి తప్పుకుంది. లోపల గదిలో మా ఆవిడ వెలుతురు కోసం కిటికీ పక్కన కూర్చుని కుడుతోంది. నేను గది గుమ్మంలోనే నిలబడ్డాను. దారంతా తలుచుకుంటూ వచ్చిన మాటలు కాస్త చెదిరాయి గానీ, పోలేదు.

"ఇల్లు ఆరింది," అన్నాను. "నువ్వు లేక నాకేం తోచట్లేదు. ఇన్నాళ్ళూ ఎలా చెప్పాలో తెలీలేదు. రా. ఒప్పుకున్న పనుంటే అయ్యాకే రా. రావాలని లేకపోతే అది కూడా చెప్పు, వింటాను."

ఆవిడ కాలు ఆగింది. మిషను చప్పుడు ఆగింది. తలెత్తలేదు. చేతిలో బట్టని ఒకసారి తిప్పి చూసుకుంది, కుట్టు సరిగ్గా వచ్చిందో లేదో అన్నట్టు. వెనక ఎక్కడో మా వదిన గిన్నె పెట్టిన చప్పుడైంది.

ఏమీ అనలేదు ఆవిడ. వెళ్ళమనీ అనలేదు.

నేను చెప్పులు విడిచి, గుమ్మం లోపల, గోడకి ఆనుకుని కూర్చున్నాను.